తమ్ముడు మాండలేలో, అక్క నా పక్క సీట్లో... నేనేం చేయగలను?

సింగపూర్‌లో అకౌంట్స్ ఉద్యోగం చేస్తున్న ఒక విశాఖ పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు కొన్ని మేమే తీసేశాం. భార్యాభర్తలిద్దరూ ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీదే ఉన్నారు, పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఇంకా రాలేదు. ఏడేళ్ల పాప ఉంది. ఆఫీసులో ఆమెకు బాగా దగ్గరైన స్నేహితురాలు మయన్మార్ (పాత పేరు బర్మా) అమ్మాయి. ఆ అమ్మాయి తమ్ముడు మాండలేలో స్కూల్ టీచర్. 2021లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు పాఠాలు చెప్పడం మానేసి సమ్మెలో చేరాడు, మళ్లీ బడి గడప తొక్కలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఊరేగింపుల్లో ఉంటాడు. "లంచ్‌లో ఫోను ప్లేటు పక్కనే పెట్టుకుంటుంది. తమ్ముడికి పంపిన మెసేజ్‌కి రెండో టిక్ పడేదాకా ముద్ద దిగదు" అని రాశారు.

ఈ మధ్య ఆ అమ్మాయి ఈమెను మూడు సాయాలు అడిగింది. "నా పేరు మీద డబ్బు వెళ్తే అమ్మావాళ్లకు ప్రమాదం. డబ్బు నేనిస్తాను, నీ ఖాతా నుంచి పంపుతావా?" అన్నది మొదటిది. తమ్ముడు పంపిన ఊరేగింపు వీడియో ఇచ్చి "మీవాళ్లందరికీ చూపించు" అన్నది రెండోది. ఒక ఆదివారం పార్కులో కొందరం సైనిక పాలన వద్దనే గుర్తుగా ఎర్ర రిబ్బన్లు పెట్టుకుని, మూడు వేళ్లు చూపిస్తూ ఫొటో దిగుతున్నాం, నువ్వూ రా అన్నది మూడోది.

ఇంట్లో గొడవ. "పాస్ క్యాన్సిల్ చేస్తే పిల్ల చదువేంటి? అయినా రోహింగ్యాల ఊళ్లు తగలబెట్టినప్పుడు వీళ్లంతా సైన్యానికి జై కొట్టలేదా?" అంటున్నారు భర్త. విశాఖలో ఉన్న అమ్మమ్మది ఇంకో మాట. ఆవిడ పుట్టింది రంగూన్‌లో. 1964లో ఓడెక్కి వచ్చి బర్మా క్యాంపులో కాపురం పెట్టిన కుటుంబం. "మనల్ని కట్టుబట్టలతో తరిమేసిన దేశమే అది. వాళ్ల కోసం నువ్వు ఏడవడమేంటే?" అన్నారట ఫోన్లో. మధ్యలో హైదరాబాద్‌లో యూట్యూబ్ చానల్ నడిపే స్నేహితుడొకడు వీడియో ఇమ్మని రోజూ అడుగుతున్నాడు. "నేను పిరికిదాన్నా, మూర్ఖురాలినా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అని ముగించారు.

జవాబు:

ఆ రెండు మాటలూ పక్కన పెట్టేయండి, వాటితో పని లేదు. మీ ఉత్తరం చదివితే నాకు అర్థమైంది ఒకటి. మీ టెన్షనంతా బ్యాంకు ఖాతా గురించి, పాస్ గురించి ఉంది. వీడియో గురించి రెండే వాక్యాలు రాశారు. నాకేమో ఆ వీడియో గురించే ఎక్కువ భయంగా ఉంది. ఎందుకో చెబుతాను కానీ, ముందు అమ్మమ్మగారి సంగతి.

ఆవిడ మాటను చాదస్తం కింద కొట్టిపారేయకండి. మన కోస్తా జిల్లాల నుంచి కూలి పనికి రంగూన్ వెళ్లినవాళ్లను అక్కడ కోరంగీలనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో. 1930 మేలో రంగూన్ ఓడరేవులో మన తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేస్తే, యజమానులు వాళ్ల బదులు బర్మా కూలీలను దించారు. సమ్మె తెగాక ఆ బర్మా కూలీలను వద్దు పొమ్మన్నారు. దాంతో మొదలైన అల్లర్లలో వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. కాబట్టి మనవాళ్ల మీద కోపం ఊరికే సైన్యం పుట్టించింది కాదు, వీధిలోనూ ఉండేది. మీ అమ్మమ్మగారు చిన్నప్పుడు ఆ చూపులు చూసే ఉంటారు.

కానీ ఆవిణ్ని ఓడెక్కించింది ఎవరు? 1962 మార్చి 2న కుట్ర చేసి గద్దెనెక్కిన జనరల్ నే విన్ ప్రభుత్వం. దుకాణాలు, గోదాములు జాతీయం చేసింది. 1964లో 50, 100 చాట్ నోట్లు చెల్లవంది. ఆ దశకంలో సుమారు 3 లక్షలమంది భారతీయులు అక్కడి నుంచి వచ్చేశారు. అదే ప్రభుత్వం, గద్దెనెక్కిన నాలుగు నెలలకే, 1962 జూలై 7న రంగూన్ యూనివర్సిటీలో విద్యార్థుల మీద కాల్పులు జరిపింది, మర్నాడు తెల్లవారేసరికి విద్యార్థి సంఘం భవనాన్ని డైనమైట్‌తో పేల్చేసింది. మీ అమ్మమ్మగారి ఇంటిని లాక్కున్న చెయ్యీ, ఆ కుర్రాళ్ల మీద తుపాకీ పేల్చిన చెయ్యీ ఒకటే. ఇది ఆవిడతో వాదించి గెలవడానికి చెప్పడం లేదు. ఎనభై దాటిన మనిషి మీద చరిత్ర పాఠంతో గెలిచి మీరు బావుకునేదేమీ లేదు. కుదిరితే ఆవిడ కథ మీ స్నేహితురాలికి చెప్పండి. ఆ అమ్మాయికి స్కూల్లో ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

మీవారు రోహింగ్యాల గురించి అన్న మాటలో నిజముంది. 2017లో 7 లక్షలమందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. 2019 డిసెంబర్‌లో, అప్పటి ప్రభుత్వాన్ని నడిపిస్తున్న ఆంగ్ సాన్ సూకీ స్వయంగా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి, రోహింగ్యాల జాతిహత్య కేసులో దేశం తరఫున వాదిస్తే, యాంగోన్‌లో (అదే పాత రంగూన్) జనం ఆమె బొమ్మలు పట్టుకుని ఊరేగారు. అది దాచాల్సిన పని లేదు. 2021లో అదే తుపాకీ తమ వైపు తిరిగాక చాలామంది కుర్రాళ్లు, రోహింగ్యాల విషయంలో తప్పు చేశాం, క్షమించండి అని అట్టలు పట్టుకుని వీధుల్లో నిలబడ్డారు. అందరూ కాదు, కొందరే. మీ స్నేహితురాలు ఏ వైపో నాకు తెలియదు. మీరు అడగవచ్చు, అడిగినంత మాత్రాన స్నేహం విరిగిపోదు. అయితే సాయం చేయడానికి ముందు ఆమె తమ్ముడి నడవడికి సర్టిఫికెట్ కావాలనడం మాత్రం నాకు నచ్చదు. ఇంకొకరి బాధ దగ్గర నోరు మెదపనివాడి మీదైనా తూటా పేలడం అన్యాయమే.

పాస్ గురించి మీవారు చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. సింగపూర్‌లో పర్మిట్ లేకుండా ఒక్క మనిషి ప్లకార్డు పట్టుకుని నిలబడినా నేరమే కావచ్చు. హాంగ్ లిమ్ పార్కులో పర్మిట్ లేకుండా మాట్లాడే వెసులుబాటు పౌరుల కోసం, పీఆర్లు మహా అయితే హాజరు కావచ్చు. మీలాంటి పాస్‌వాళ్లకు అదీ లేదు. 2021 ఫిబ్రవరిలో మయన్మార్ గొడవ మీద ఇక్కడ నిరసనలు చేయవద్దని పోలీసులు బహిరంగంగానే హెచ్చరించారు, రాయబార కార్యాలయం బయట నిలబడ్డవాళ్ల మీద విచారణ కూడా జరిపారు. కాబట్టి ఆదివారం ఫొటో సంగతి తేలిక. వెళ్తే మీకూ ముప్పే, వాళ్లకూ ముప్పే. ఆ ఫొటో వల్ల మాండలేలో ఎవరికీ ఒరిగేదేమీ లేదు. "రాలేను" అని చెప్పండి, సాకులు చెప్పకుండా కారణం చెప్పండి. పాస్ మీద బతికే అమ్మాయే కదా, ఆమెకు ఇట్టే అర్థమవుతుంది.

ఇప్పుడు వీడియో.

మాండలే గురించి మీకు ఒకటి చెప్పాలి. 2021 మార్చి 3న అక్కడ క్యాల్ సిన్ అనే 19 ఏళ్ల అమ్మాయిని కాల్చి చంపారు. అంతా బాగానే ఉంటుంది అని రాసి ఉన్న టీషర్టు వేసుకుని వచ్చిందా రోజు. తన బ్లడ్ గ్రూపు, ఫోన్ నంబరు ఫేస్‌బుక్‌లో పెట్టి, తాను పోతే అవయవాలు దానం చేయమని ముందే రాసి మరీ వచ్చింది. ఖననం అయిన మర్నాడు అధికారులు సమాధి తవ్వించి శవాన్ని బయటికి తీశారు. ఆ నెల 27న, సైనిక దినోత్సవం నాడు, ఒక్కరోజులో దేశమంతటా 100 మందికి పైగా పోయారు. రాజకీయ ఖైదీల కోసం పనిచేసే ఏఏపీపీ అనే సంస్థ లెక్కలో ఇప్పటికి చనిపోయినవాళ్లు 6,000 దాటారు, అరెస్టయినవాళ్లు 25,000 పైమాటే.

అందుకే ఊరేగింపుల తీరే మారిపోయింది. మొదట్లో లక్షలమంది వచ్చేవారు. రాత్రి ఎనిమిదింటికి ఇళ్లలోంచి గిన్నెలు, గరిటెలు వాయించేవారు, ఇంట్లోంచి దయ్యాన్ని తోలేయడానికి అక్కడ అలా చేస్తారు. ఆడవాళ్లు తమ లుంగీలను వీధికి అడ్డంగా దండెం మీద ఆరేసేవారు, వాటి కింద నడిస్తే మగతనం పోతుందని నమ్మే సిపాయిలు ఆగి వాటిని దించుకుంటూ కూర్చునేవారు (ఇది చదివినప్పుడు నేను పైకే నవ్వాను). కాల్పులు పెరిగాక ఎవరూ గడప దాటకుండా ఊరు ఊరంతా ఖాళీగా ఉంచే మౌన సమ్మెలు వచ్చాయి. ఇప్పుడు పదీ ఇరవైమంది ఒక సందులో కలుసుకుని, నాలుగైదు నిమిషాలు నినాదాలిచ్చి, ఎటువాళ్లటు మాయమైపోతారు. 2021 డిసెంబర్ 5న యాంగోన్‌లో అలాంటి చిన్న ఊరేగింపు మీదికి వెనక నుంచి సైనిక వాహనాన్ని ఎక్కించేశారు. కుర్రాడిది దూకుడు అనుకోకండి. మాయమవడమే వాళ్లకున్న ఒకే ఒక రక్షణ.

వీడియో తీసేసేది ఆ రక్షణనే. మీరు వీడియోలో ధైర్యం చూస్తారు. చూడటం తెలిసినవాడు ముఖం చూస్తాడు. మాస్కు ఉంటే చెప్పులు, చేతి గడియారం, వెనక షట్టరు మీది బోర్డు, ఇటుక గోడ, గొంతు. సైన్యానికి వంతపాడే టెలిగ్రామ్ చానళ్లు మనుషుల ఫొటోలు, ఇంటి అడ్రసులు పెట్టడం, వెంటనే అరెస్టు జరగడం అక్కడ మామూలైపోయింది. కావాల్సినవాడు దొరక్కపోతే తల్లినో తండ్రినో పట్టుకుపోతారు. రోడ్డు మీద ఆపి ఫోను తెరిపించి చూస్తారు. 505ఏ అనే సెక్షన్ ఒకటి తెచ్చారు, భయం పుట్టించాడనో అబద్ధం ప్రచారం చేశాడనో చెప్పి మూడేళ్లు లోపల వేయవచ్చు.

మీ స్నేహితురాలు "అందరికీ చూపించు" అంది, నిజమే. కానీ వీడియోలో ఉన్నది ఆమె కాదు. తమ్ముడు అక్కకు పంపాడు, లోకానికి పంపాడా? అతనొక్కడే ఉన్నాడా, పక్కన ఇంకో పదిమంది ఉన్నారా? ఆ పదిమందిని ఎవరు అడిగారు? మీకు ఇందులో పోయేదేమీ లేదు కాబట్టే మీకు భయం కలగలేదు. పోయేదంతా అక్కడివాళ్లది.

దారులు లేకపోలేదు. తమ్ముణ్ని అక్క చేతే సూటిగా అడిగించండి, బయట పెట్టవచ్చా, ఎలా పెడితే మంచిది అని. సరేనంటే, ఇరావడి, మయన్మార్ నౌ, మిజ్జిమా లాంటి వార్తాసంస్థలు దేశం బయట నుంచి నడుస్తున్నాయి. ముఖాలు మసకబార్చడం, ఎక్కడిదో ఎప్పటిదో సరిచూడటం, కొన్ని రోజులు ఆగి వేయడం వాళ్లకు రోజూ చేసే పని. వాళ్లకు అక్కే పంపుకోవచ్చు, మీరు మధ్యలో ఉండనక్కర్లేదు. అయితే వాళ్లు వేస్తారన్న హామీ లేదు, వేసినా అది తెలుగువాళ్ల దాకా రాదు. తెలుగువాళ్లకు చేరాలని మీకుంటే మీరే రాయండి. ఊరు, వయసు, బంధుత్వం మార్చి, లంచ్‌లో ఫోను పక్కన పెట్టుకుని కూర్చునే ఒక సహోద్యోగి గురించి రాయండి. దానికి వీడియో అంత వేగం ఉండదు. కానీ దాన్ని చదివి ఎవరూ ఎవరి తలుపూ తట్టలేరు.

ఇక డబ్బు. ఇక్కడ మీ భయం సరైనదే, కానీ కారణం కొంచెం వేరు. అకౌంట్స్ మనిషి కదా, మిమ్మల్నే అడుగుతాను. ఎవరి డబ్బు, ఎవరికి, ఎందుకు అని బ్యాంకు అడిగితే మీరు ఏం రాస్తారు? "బంధువుకు కానుక" అని రాస్తే అబద్ధం. నిజం రాస్తే ఆమె దాచాలనుకున్న పేరు బయటపడుతుంది. మోసగాళ్ల బెడద పెరిగాక ఇంకొకరి డబ్బును తన ఖాతా గుండా దాటించేవాళ్ల మీద సింగపూర్ చట్టాలు బాగా బిగిశాయి, "మంచి ఉద్దేశంతో చేశాను" అంటే వినరు. పోనీ హవాలా దారిలో అంటారా, లైసెన్సు లేనివాళ్లతో పెట్టుకుంటే మీకు ఇక్కడా తలనొప్పే. అక్కడ తీసుకున్నవాళ్లకూ తప్పదు. తిరుగుబాటుదారులకు డబ్బు అందిందన్న అనుమానంతో మొబైల్ వాలెట్ ఖాతాలు స్తంభింపజేసి, మనుషుల్ని పట్టుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. ఖాతా ఇవ్వకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఖాతా ఇవ్వనన్నంత మాత్రాన సాయం చేయనన్నట్టు కాదు. ఆమెకు ఇక్కడే భారం తగ్గించవచ్చు. ఇంటద్దెకో, పాస్‌పోర్ట్ ఖర్చుకో మీ సొంత డబ్బు అప్పుగానో ఊరికేనో ఇవ్వండి. ఆ పాస్‌పోర్ట్ పొడిగించుకోవాలంటే ఇక్కడి జీతం మీద పన్ను తమ రాయబార కార్యాలయానికి కట్టిన రసీదు చూపించాలి. తమ్ముణ్ని తరిమే ప్రభుత్వానికి అక్క పన్ను కట్టాలి, ఆ కడుపుమంట ఎలాంటిదో ఊహించండి. ఇలా ఇస్తే ఆమె జీతంలో కొంత మిగులుతుంది, దాన్ని ఎలా పంపుకోవాలో ఆమె చూసుకుంటుంది. ఇందులో ఇబ్బంది, చివరికి ఆ డబ్బు ఎక్కడ తేలిందో మీకు తెలియదు. తెలియకపోయినా పర్లేదు అనుకోగలిగితేనే ఇవ్వండి, తర్వాత లెక్కలు అడగకండి.

లేదా రూపాయల్లో చేయండి. 2021 నుంచి మయన్మార్‌లోని చిన్ రాష్ట్రం దాటి మిజోరంలోకి వేలమంది వచ్చారు. వాళ్లను ఆపమని ఆ మార్చిలో కేంద్రం ఈశాన్య రాష్ట్రాలకు రాసింది, వీళ్లు మా రక్తసంబంధీకులు, పొమ్మనలేం అని మిజోరం బదులు చెప్పింది. అక్కడ చర్చిలు, యంగ్ మిజో అసోసియేషన్ శాఖలు బియ్యం, టార్పాలిన్లు సమకూర్చాయి. మీది భారత పాస్‌పోర్టే కాబట్టి, మీ సొంత సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో ఇచ్చేది విదేశీ విరాళం కిందికి రాదు. ఇచ్చే ముందు ఏ సంస్థకో, దాని పత్రాలేమిటో మీ వృత్తిపరమైన కళ్లతో చూడండి. లోటు ఏమిటంటే, ఇది మీ స్నేహితురాలి తమ్ముడికి చేరదు. ఆమెకు ఇది సాయంలా అనిపించకపోవచ్చు కూడా. ఖైదీల కుటుంబాలకు చేయూత ఇవ్వాలనుకుంటే ఏఏపీపీ ఉంది, ఆఫీసు థాయ్‌లాండ్ సరిహద్దులో మే సోట్‌లో. జైల్లో ఉన్నవాడికి ఇంటినుంచి తిండి, మందుల మూట వెళ్లకపోతే అక్కడ బతకడం కష్టం. అయితే మీ తెలుగు వాట్సాప్ గ్రూపులో మాత్రం చందాలు ఎత్తకండి. బయటి దేశాల కోసం జనం దగ్గర వసూలు చేయాలంటే సింగపూర్‌లో పర్మిట్ ఉండాలి.

ఇంకో సంగతి మీరు అడగలేదు, నేనే అంటున్నాను. ఆ తమ్ముడు ఇవాళ చేతులూపుకుంటూ ఊరేగుతున్నాడు. అతని ఈడువాళ్లు చాలామంది అడవులకు వెళ్లి తుపాకీ పట్టారు. 2024 ఫిబ్రవరిలో సైన్యం నిర్బంధ సైనిక సేవ చట్టాన్ని అమలులోకి తెచ్చింది, 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లకు పిలుపు రావచ్చు. రేపు అతనూ అటు పోవచ్చు. గిన్నెలు వాయించినవాణ్ని కాల్చి, ఆయుధం ఎందుకు పట్టావని అడిగే హక్కు నాకు లేదు. కానీ మీ డబ్బు ఆయుధాల దాకా పోకూడదన్నది మీరు గీసుకోవాల్సిన గీత. చట్టం కోసమూ అవసరమే, మీ మనశ్శాంతి కోసమూ అవసరమే. ఆ గీత ఎక్కడుందో స్నేహితురాలికి ఇప్పుడే చెప్పండి. అతను నిజంగా అడవికి వెళ్లిపోయిన రోజున చెబితే ముఖం తిప్పుకున్నట్టుంటుంది.

ఎలా చెప్పాలన్నది మీకు కష్టమనిపిస్తోంది కదా. ఆఫీసులో వద్దు, మెసేజ్‌లో అసలే వద్దు. ఇంటికి భోజనానికి పిలవండి, మీవారినీ ఉండనివ్వండి. ఆయన భయాలు ఆయన నోటితోనే ఆమె వినడం మంచిది. మీరిద్దరూ ఆయన్ను విలన్‌ను చేసి గుసగుసలాడుకునే పరిస్థితి రానివ్వకండి. "ఖాతా ఇవ్వలేను, ఫొటోకు రాలేను, ఇవి మాత్రం చేయగలను" అని చేయగలిగినవాటిని పేరుపేరునా చెప్పండి. ఇంటర్నెట్ కట్ అయిన రాత్రి ఆమె పక్కన కూర్చోవడం, ఆమె లీవు పెట్టిన రోజు నెలాఖరు క్లోజింగ్ మీరు చేసిపెట్టడం కూడా అందులో చేర్చండి. ఆమెకు కోపం రావచ్చు. కొన్నాళ్లు మాట తగ్గవచ్చు. ప్రాణమంతా తమ్ముడి మీదే పెట్టుకున్న మనిషికి మీ జాగ్రత్త చల్లగా తగులుతుంది, అది సహజం. మీరు మాత్రం రోజూ లంచ్‌కు పక్కనే కూర్చోండి.

ఇవన్నీ ఈ వారం కాకపోతే వచ్చే వారం మాట్లాడుకోవచ్చు. యూట్యూబ్ స్నేహితుడికి మాత్రం ఇవాళే "ఇవ్వను" అని చెప్పేయండి. "ఆలోచిస్తా" అనకండి, రేపు మళ్లీ అడుగుతాడు. థంబ్‌నెయిల్‌లో ముఖం లేకుండా అతని చానల్‌లో వీడియో నడవదు. తర్వాత మీ ఫోన్లో ఆ వీడియో గ్యాలరీలో ఉందో, క్లౌడ్ బ్యాకప్‌లోకీ ఎక్కిందో, పాప ఆడుకునే ట్యాబ్‌లోకి కూడా వచ్చి కూర్చుందో చూడండి. అక్కకు చెప్పి, అన్నిచోట్లా తీసేయండి.